పరభాషా బోధన: గంజాం సీమ అనుభవం

పరభాష నేర్పడమంటే వ్యాకరణ సూత్రాలు వల్లె వేయించి, వాక్యాలను మాతృభాషలోకి అనువాదం చేయించడమేనన్న అభిప్రాయం పాఠశాలల్లో చాలాకాలం పాతుకుపోయింది. లాటిన్ వంటి ప్రాచీన భాషల బోధనకు ఐరోపాలో స్థిరపడిన ఈ వ్యాకరణ-అనువాద పద్ధతిని 19వ శతాబ్దం చివర ధ్వనిశాస్త్రజ్ఞులు నిరసించి, విద్యార్థి భాషను ముందు విని, పలికి, ఆ తరువాతే చదివి రాయాలని వాదించారు. మాతృభాష ప్రమేయం లేకుండా నేర్చే భాషలోనే పాఠం చెప్పే ఈ మార్గానికి ప్రత్యక్ష పద్ధతి అని పేరు వచ్చింది.

అప్పటి గంజాం జిల్లాకు చెందిన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు వేంకట రామమూర్తి (1863-1940) కొండల్లోని సవర గిరిజనుల భాషను నేర్చుకోదలచినప్పుడు ఆయనకు ఆధారంగా పాఠ్యపుస్తకమే లేదు. తెలుగు, సవర రెండూ తెలిసిన ఒక సవరను ఇంట్లోనే ఉంచుకుని, అతని మాట వింటూ, పలుకుతూ నేర్చుకున్నారు. ముండా కుటుంబానికి చెందిన సవరలో గొంతు బిగించి పలికే ధ్వనులుండగా తెలుగు లిపిలో వాటికి గుర్తులు లేవు కనుక, చెవిని నమ్మడం తప్ప ఆయనకు మరో దారి లేకపోయింది. ఆ శ్రమ ఫలితంగా సవర పిల్లలకు సవరలోనే వాచకాలు, బడులు ఏర్పడ్డాయి. 1931లో సవర వ్యాకరణం వెలువడింది. పాఠశాలల ఇన్‌స్పెక్టరు జె.ఎ. యేట్స్ పుస్తకాల తెలుగుకూ, జనం మాట్లాడే తెలుగుకూ ఉన్న అంతరాన్ని ప్రశ్నించినప్పుడు, వ్యావహారిక భాష పక్షాన గిడుగు అంత దృఢంగా నిలబడడానికి ఈ అనుభవం కూడా తోడ్పడి ఉండాలి. ప్రత్యక్ష పద్ధతివారు మాతృభాషను తరగతి గది నుంచి వెళ్లగొట్టగా, గిడుగు దాన్నే చదువుకు పునాది చేయడం ఎంతో ముందుచూపున్న పని.

విద్యార్థి చేసే తప్పును అర్థం చేసుకునే తీరు కూడా తరువాత మారింది. బరంపురంలో ఒడియా మాట్లాడే పిల్లవాడు తెలుగు నేర్చుకుంటూ “అక్క వచ్చాడు” అన్నాడనుకుంటే, పాత దృష్టిలో అది అశ్రద్ధ. కానీ ఒడియాలో తమ్ముడికైనా, చెల్లికైనా క్రియ “ఆసిలా” (వచ్చాడు, వచ్చింది) అనే ఉంటుంది. ఇటువంటి తప్పులు అభ్యాసకుడు తనలో నిర్మించుకుంటున్న నియమాలకు సాక్ష్యమని పిట్ కోర్డర్ 1967లో వివరించగా, మాతృభాషకూ నేర్చే భాషకూ నడుమ ఏర్పడే ఆ తాత్కాలిక వ్యవస్థకు లారీ సెలింకర్ 1972లో అంతరభాష అని పేరు పెట్టారు.

ఒడిశా ప్రభుత్వం 2006-07 ప్రాంతంలో సవరతో సహా పది గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన ప్రారంభించి, పిల్లలను క్రమంగా ఒడియాకు, ఇంగ్లీషుకు నడిపించే బహుభాషా విద్యను చేపట్టింది. మూడు భాషా కుటుంబాలు కలిసి బతికే ఈ సీమలో ఉపాధ్యాయ శిక్షణ పొందే ప్రతి ఒక్కరికీ పిల్లల ఇంటి భాషతో కనీస పరిచయం కల్పించడం తక్షణావసరం.