గెట్టు పక్క మనిషి

బస్సెక్కే మనిషి చేతిలో ఏముందో చూస్తే ఎక్కడికి పోతున్నాడో చెప్పొచ్చు. పెద్ద స్కానింగ్ కవరుంటే హైదరాబాద్ ఆస్పత్రికి. పాలిథిన్ కవర్లో పాస్‌బుక్కు, నాలుగు మడతలు పెట్టిన పహాణీ కాగితాలుంటే తహసీలు ఆఫీసుకు. భూమి అమ్మి రిజిస్ట్రేషన్‌కు పోయే కుటుంబం మాత్రం గుంపుగా ఎక్కుతుంది. ముసలి తల్లి, ఇద్దరు ముగ్గురు కొడుకులు, అత్తగారిళ్ల నుంచి పిలిపించిన ఆడబిడ్డలు. మంచి చీరలే కట్టుకుంటారు గానీ ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఆ రోజు చిల్లర కోసం నాతో ఎవరూ కొట్లాడరు.

ముప్పై ఏళ్లు దేవరకొండ డిపోలో కండక్టరుగా చేసి దిగాను. ఎక్కువగా తిరిగింది రెండు దార్లలో. ఒకటి మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా హైదరాబాద్‌కు, ఇంకోటి కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్‌కు. జీతం పిల్లల చదువులకూ పెళ్లిళ్లకూ సరిపోయింది. ఇప్పుడున్న కాస్త భూమి ఆ బస్సులో కలిసిన మనుషుల పుణ్యం. మా అబ్బాయి దీన్ని నెట్‌వర్కింగ్ అంటాడు. మా వైపు దీనికి ఎప్పటినుంచో మాటుంది, ఎరుక. సంగతి తెలిసినా ఎరుకే, మనిషి తెలిసినా ఎరుకే.

నాకు ఆ ఎరుక కలగడానికి ముప్పై వేలు ఖర్చయింది. 2007 సంగతి. హైదరాబాద్ చుట్టుపక్కల భూముల ధరలు ఎగబాకుతున్న రోజులు. తెలిసినవాళ్ల ద్వారా ఒక మధ్యవర్తి వచ్చాడు. ముప్పై గుంటల ఎర్ర చెలక, బస్సు రోడ్డుకు అరకిలోమీటరు. పాస్‌బుక్కు చూపించాడు, నేను మురిసిపోయాను. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకుని యాభై వేలు బయానా ఇచ్చాను. మూడు వారాల తర్వాత అదే ఊరి స్టేజీ దగ్గర మా బస్సు టైరు పంచరైంది. డ్రైవరు స్టెప్నీ మార్చేదాకా వేపచెట్టు కింద నిలబడితే మేకలు కాసే ముసలాయన పలకరించాడు. నేను చెలక వైపు చెయ్యి చూపి, కొంటున్నానని గొప్పగా చెప్పాను.

"అయ్యో సారూ, గది లావణి పట్టా గదా! మా ఊర్ల చిన్న పోరగానికి గూడ ఎర్కే. మీరు ఎవ్వల్నీ అడుగకపోతిరా?"

అడగలేదు. నెలకు ఇరవై రోజులు ఆ ఊరి మీదుగానే పోతూ ఒక్కర్నీ అడగలేదు.

లావణి పట్టా అంటే భూమి లేని పేదలకు సర్కారు అసైన్ చేసిన భూమి. దున్నుకోవచ్చు, వారసులకు ఇవ్వొచ్చు, అమ్మడానికి లేదు. 1977లో వచ్చిన అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం కింద అలాంటి అమ్మకం చెల్లదు. సర్కారు ఆ భూమిని వెనక్కు తీసుకుని అసలు పట్టాదారుకో అతని వారసులకో తిరిగి ఇవ్వొచ్చు. కొన్నవాడి చేతిలో స్టాంపు కాగితం మిగులుతుంది. భూదాన భూములదీ దాదాపు ఇదే కథ. 1951 ఏప్రిల్ 18న మన పోచంపల్లిలోనే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానని నిలబడితే వినోబా భావే ఉద్యమం మొదలైంది. పేదల కోసం దానమిచ్చిన అలాంటి భూమిని కూడా అమ్మచూపేవాళ్లు ఉన్నారు. చూడ్డానికి అన్నీ ఒకే ఎర్రమట్టి. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద నిషేధిత జాబితా ఒకటుంటుంది, సర్వే నంబరు వేసి చూసుకోవచ్చు. నేను చూడలేదు. బయానాలో ఇరవై వేలు విడతలవారీగా వచ్చాయి. మిగతాది ఆ మేకల పెద్దమనిషికి గురుదక్షిణ అనుకున్నాను. ఆయన చేతికి అందింది మాత్రం ఒక చాయ్.

అప్పటినుంచి స్టేజీల దగ్గర చెవులు రిక్కించడం మొదలుపెట్టాను. ఊరి భూమి సంగతులు ఒకప్పుడు పట్వారీ దగ్గర ఉండేవి. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ పోయింది. ఆ తర్వాత వీఆర్వోలు వచ్చారు, 2020లో వాళ్లూ పోయారు. అదే ఏడాది అక్టోబరు 29న ధరణి పోర్టల్ వచ్చింది. పాత పహాణీలో పట్టాదారు పేరుతో పాటు అనుభవదారు కాలమ్ ఉండేది. భూమి ఎవరి పేరున ఉంది, ఎవరు కాస్తు చేస్తున్నారు, రెండూ ఒకే కాగితం మీద కనిపించేవి. ధరణిలో ఆ రెండో కాలమ్ పోయింది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. పోర్టల్ ఏదైనా సరే, దున్నేవాడెవరో తెలియాలంటే పొలం దాకా నడవాల్సిందే.

నడిచి ఎవర్ని అడగాలి? అమ్మేవాణ్ణి కాదు, మధ్యవర్తినీ కాదు. ఊరి రెవెన్యూ పనులు చేసిన పాత సుంకరి బతికుంటే ఆయన్ను అడగాలి. ఏ సర్వే నంబరు ఎక్కడ తెగుతుందో ఆయన కాళ్లకు తెలుసు. చెరువు కింద భూమైతే నీరటిని అడగాలి. 2020 అక్టోబరు వానల్లో నీళ్లు ఎందాక వచ్చాయంటే ఫలానా తుమ్మచెట్టు దాకా అని చూపిస్తాడు. ఎండాకాలంలో బీడులా కనిపించే చెరువు శికం భూమిని ప్లాటు అనుకుని కొన్నవాళ్లకు ఆ తుమ్మచెట్టు విలువ తర్వాత తెలుస్తుంది. బోరు లారీ మీద పనిచేసే పిల్లలు ఎక్కడ ఎన్ని ఫీట్లకు దుమ్ము లేచిందో దాచకుండా చెబుతారు. మర్రిగూడ, నాంపల్లి వైపైతే నీళ్లు పడటమే చాలదు, వాటిలో ఫ్లోరైడ్ ఎంతో పరీక్ష చేయించాలి. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి ప్రపంచమంతా ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరు. మా జిల్లాకు దక్కిన ఖ్యాతి అది.

వీళ్లందరికంటే ముందు అడగాల్సింది గెట్టు పక్క రైతును. గెట్టు జరిగిందా, అన్నదమ్ముల పంపకం అయిందా, ఆడబిడ్డలు సంతకం పెడతారా, అన్నీ ఆయనకు తెలుసు. ఆడబిడ్డల మాట తేలిగ్గా తీసేయకూడదు. ఎన్టీఆర్ సర్కారు చేసిన సవరణతో 1985 నాటికే మన దగ్గర పెళ్లికాని కూతుళ్లకు పిత్రార్జితంలో వాటా వచ్చింది. 2005లో దేశమంతా కూతుళ్లందరికీ వచ్చింది. ముగ్గురు కొడుకులు సంతకం పెట్టాక ఐదేళ్లకు నాలుగో వాటా కోసం కోర్టు నోటీసు వచ్చిన కేసులు నా బస్సులోనే బోలెడు ఎక్కాయి, దిగాయి.

2012లో మేం ముగ్గురం, నేను, మా డ్రైవరు, రోజూ మా బస్సులో వచ్చే బడిపంతులు, కలిసి కల్వకుర్తి అవతల ఎకరం ఎనిమిది గుంటలు కొన్నాం. ఎకరానికి నలభై గుంటలు కాబట్టి మొత్తం నలభై ఎనిమిది, తలా పదహారు. గుంటంటే పొడవు వెడల్పు 33 అడుగుల చదరం, అంటే 121 గజాలు. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకు గజాల్లో చెబితేనే తలకెక్కుతుంది. పల్లెలో గజాల్లో మాట్లాడితే వ్యాపారి వచ్చాడనుకుంటారు, ధర పెరుగుతుంది.

కొనేముందు మమ్మల్ని ఆపింది బాట. అమ్మే ఆయన "బాటకేం కొదువ, బండి పోతది, ట్రాక్టరు పోతది" అన్నాడు. నిజమే, పోతోంది. అది నక్ష బాటా, మొహమాటం బాటా? ఊరి నక్షలో బాట ఉంటే అది ఎవరూ మూయలేనిది. లేకపోతే ముందున్న రైతు దయ మీద ఉన్నట్టు. సర్వే ఆఫీసు నుంచి నక్ష నకలు తీసి చూస్తే బాట మా నంబరుకు ఇవతలే, ఒక చెలక దూరంలో ఆగిపోయింది. ఆ చెలక మా గెట్టు పక్క రైతుదే.

సర్వే రోజున అందర్నీ పిలిచాం. సర్వేయరు ఆ నంబరు కొలతల పటం, టిప్పన్, ముందు పెట్టుకుని గొలుసు లాగించాడు. ఉత్తరం వైపు లెక్క కుదరలేదు. పక్క రైతు గెట్టు మా వైపుకు రెండు మూరలు వచ్చి ఉంది. ఏటా నాగలి మలిపినప్పుడల్లా ఒక సాలు చొప్పున జరిగుంటుంది. పాత హద్దురాయి కోసం తవ్వితే దొరకలేదు. మా డ్రైవరుకు కోపమొచ్చింది. ఆ రైతు తలగుడ్డ తీసి దులిపి మళ్లీ చుట్టుకున్నాడు గానీ మాట్లాడలేదు. పంతులు మాత్రం నెమ్మదిగా, "పటేలా, ఆ రెండు మూరలు నీకే ఉండనీ. మాకు పన్నెండు ఫీట్ల బాట రాసియ్యి" అన్నాడు. చాలాసేపు ఎవరూ నోరు మెదపలేదు. చివరికి ఆ రైతు తన కొడుకును పిలిచి గడ్డపార తెమ్మన్నాడు. మధ్యాహ్నానికల్లా కొత్త రాళ్లు పాతాం. బాటను వట్టి కాగితం మీద కాకుండా రిజిస్టరు చేయించాం. ఆ రోజు ఆయనింట్లో జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని బస్సెక్కాం.

మా ముగ్గురి మధ్య కూడా కాగితం రాసుకున్నాం. ఎవరు అమ్మాలన్నా ముందు మిగతా ఇద్దర్నీ అడగాలి. స్నేహితుల మధ్య కాగితమెందుకన్నాడు డ్రైవరు. స్నేహం ఉండాలనే, అన్నాడు పంతులు.

ఈ పదమూడేళ్లలో చాలామంది నా దగ్గరకొచ్చి ఎక్కడ కొనాలని అడిగారు. కొందరికి రీజినల్ రింగు రోడ్డు మ్యాపు వాట్సాప్‌లో వస్తుంది, ఉత్తరం వైపు చౌటుప్పల్, భువనగిరి అని, దక్షిణం వైపు ఆమనగల్, షాద్‌నగర్ అని. ఎర్రగీత పక్కన కొంటే లాభం. గీత రెండు వందల గజాలు జరిగి మన మీదుగా పోతే ఉండేది పరిహారమే. ఆ తేడా మ్యాపు పంపినవాడు చెప్పడు. ఫ్యాక్టరీ వార్త వచ్చినా ఇదే హడావిడి. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో 2023 మే నెలలో ఐటీ టవర్ తెరిచి, అదే రోజు అమరరాజా బ్యాటరీ ఫ్యాక్టరీకి పునాదిరాయి వేసినప్పుడు మా బస్సులో వారంపాటు వేరే ముచ్చటే లేదు.

ప్లాట్లు కొనేవాళ్లకు నేను చెప్పేది తక్కువ. 500 చదరపు మీటర్లు దాటిన వెంచరుకు రెరా నంబరు ఉండాలి, అమ్మే ఏజెంటుకూ ఉండాలి. పర్మిషన్ లేని ప్లాట్ల కోసం 2020 ఆగస్టులో ఎల్‌ఆర్‌ఎస్ అనే క్రమబద్ధీకరణ పథకం తెచ్చారు, 2025లో 25 శాతం రాయితీ కూడా ఇచ్చారు. మళ్లీ వస్తుందిలే అన్న ధీమాతో కొనడం జూదం. రిజిస్ట్రేషన్‌కు అన్నీ కలిపి 7.5 శాతం అవుతుంది, ముందే లెక్కలో వేసుకోవాలి. బయానా 20 వేలకు చేరితే నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పదు, బ్యాంకు ద్వారా పంపితే మనకూ రుజువు. 2016లో జిల్లాలు చీలాయి కాబట్టి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసేటప్పుడు పాత రిజిస్ట్రేషన్ ఆఫీసు పరిధిలోనూ వెతికించాలి. నాగర్‌కర్నూల్ జిల్లా భూమికి పాత దస్తావేజులో మహబూబ్‌నగర్ అనే ఉంటుంది.

పోయిన నెల పంతులు ఫోన్ చేశాడు. మనవరాలి చదువుకు డబ్బు కావాలి, తన పదహారు గుంటలు అమ్ముతానన్నాడు. మాటిచ్చినట్టే ముందు నన్నూ డ్రైవర్నూ అడిగాడు. మా ఇద్దరి దగ్గరా అంత డబ్బు లేదు. అయినా ఒకసారి చూసొద్దామని ముగ్గురం పోయాం. బాట మొదట్లోనే గెట్టు పక్క రైతు ఎదురొచ్చాడు. ఊళ్లో ఎవరికీ చెప్పలేదు, ఆయనకెలా తెలిసిందో తెలియదు.

"పంతులూ, బయటోనికి అమ్మేటట్టున్నవ్. ముందుగాల నన్ను అడుగవా?"

పంతులు నా వైపు చూశాడు. వేపచెట్టు కింద తువ్వాలు పరిచి నలుగురం కూర్చున్నాం. రెండుసార్లు చాయ్ వచ్చింది. పొద్దు గుంకేదాకా మాట్లాడాం. ధర ఇంకా తెగలేదు.