గొంతుతో అడిగితే దొరికే దుకాణాలు: జంషెడ్‌పూర్ చెప్పే పాఠం

జార్ఖండ్‌లోని ఉక్కు నగరానికి పేర్లు ఒకటికి మించి ఉన్నాయి. 1919 నుంచి దాని పేరు జంషెడ్‌పూర్. రైల్వే స్టేషన్ మాత్రం టాటానగర్. జనం నోట ఉత్త ‘టాటా’. మనుషులకు ఇందులో తికమక లేదు. కానీ ‘టాటాలో మంచి టైలర్ ఎక్కడున్నాడు?’ అని ఫోనును అడిగితే, ఆ టాటా ఊరో, కంపెనీయో, ఉప్పు ప్యాకెట్టో యంత్రం తేల్చుకోవాలి. అది తప్పుగా తేల్చుకుంటే నష్టపోయేది ఆ టైలరే.

టైపు చేసి వెతికితే తెరపై పెద్ద జాబితా వస్తుంది. మాటతో అడిగినప్పుడు, ముఖ్యంగా స్మార్ట్ స్పీకర్లలో, ఒకటి రెండు జవాబులే వినిపిస్తాయి. అయిదో స్థానంలో ఉన్న దుకాణం తెరపై కనిపిస్తుందేమో గానీ చెవికి చేరదు.

ఈ పని ఎలా జరుగుతుంది? మైక్ అందుకున్న ధ్వనిని సాధారణంగా సెకనుకు 16,000 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తారు. వాటిని చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో ఏ పౌనఃపున్యం ఎంత బలంగా ఉందో లెక్కిస్తారు. న్యూరల్ నెట్‌వర్క్ ఆ లెక్కలను అక్షరాలుగా, మాటలుగా పోలుస్తుంది. ఒకే రకంగా వినిపించే మాటలుంటే ఎక్కువ వాడుకలో ఉన్నదానివైపు మొగ్గుతుంది. అందుకే జంషెడ్‌పూర్ బజారు ‘బిష్టుపూర్’, బెంగాల్‌లో గుడులకు పేరుపొందిన ‘బిష్ణుపూర్’గా మారిపోయే అవకాశం ఉంది. ఫోను ఎక్కడుందో తెలిస్తే ఈ పొరపాటు తగ్గుతుంది.

మాట అర్థమయ్యాక వరుస నిర్ణయించాలి. స్థానిక ఫలితాలకు మూడు అంశాలు ముఖ్యమని గూగుల్ చెబుతోంది: ప్రశ్నకు దుకాణం ఎంత సరిపోతుంది, ఎంత దూరంలో ఉంది, ఎంత పేరున్నది. మాటల్లో అడిగే ప్రశ్నలు పొడవుగా ఉంటాయి. ‘ఇప్పుడు తెరిచి ఉన్న మందుల షాపు’ అని అడిగితే, వేళలు నమోదు చేయని షాపు తెరిచే ఉన్నా ఆ సంగతి యంత్రానికి తెలియదు. ఈ వివరాల నమోదుకు రుసుము లేదు.

భాష మరో మెలిక. ఉక్కు కర్మాగారం పనుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన కుటుంబాల వల్ల ఈ నగరంలో తెలుగు కూడా వినిపిస్తుంది. హిందీ, బెంగాలీ, ఒడియా, సంతాలీ, హో సరేసరి. గూగుల్ 2017 ఆగస్టులో తెలుగులో వాయిస్ సెర్చ్ తెచ్చింది. అయితే యంత్రానికి ఒక భాష నేర్పాలంటే, రాతప్రతితో కూడిన వేల గంటల మాటల రికార్డింగులు కావాలి. 2003 రాజ్యాంగ సవరణతో సంతాలీ ఎనిమిదో షెడ్యూలులో చేరింది. హో ఇంకా చేరలేదు. 2022లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ‘భాషిణి’ వంటి ప్రయత్నాలు ఈ లోటు పూడ్చేందుకే. అంతవరకూ రికార్డింగులు తక్కువున్న భాషలవారు తమ ఊరి దుకాణాన్ని కూడా వేరే భాషలోనే అడగాల్సి వస్తుంది.

వ్యాపారులు చేయగలిగింది కొంత ఉంది. పేరు, చిరునామా, ఫోన్ నంబరు అన్నిచోట్లా ఒకేలా రాయాలి. వేళలు, సెలవులు ఎప్పటికప్పుడు సరిచేయాలి. జనం ఊరిని, పేటను పిలిచే పేర్లను వివరణలో చేర్చాలి. ఆపైన పరీక్షించి చూడాలి. సొంత దుకాణంలో నిలబడి అడిగితే దూరం కలిసివచ్చి మొదటి పేరు మనదే కావచ్చు. సాక్చిలో దుకాణం ఉన్నవారు జుగ్సలాయికి వెళ్లి, వేరొకరి ఫోనులో, కొనుగోలుదారు మాట్లాడే భాషలో అడిగి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.