దాచిన చీర, అడిగిన వరం

శనివారం సెలవు దొరికితే మౌంట్ రాస్కిల్ లైబ్రరీకి వెళ్లడం నాకు అలవాటు. ఆక్లాండ్‌లో ఉండేవారికి సభ్యత్వం ఉచితం. మొన్న అక్కడ మా ఇంటి ఓనరు గారి అమ్మాయి కనిపించి, "అంకుల్, ఇది చదవండి" అంటూ ఒక బొమ్మల పుస్తకం చేతిలో పెట్టింది. అది జపాన్ వాళ్ల బొమ్మల కథ. వాళ్లు మాంగా అంటారు. మనం చివరి అట్ట అనుకునేది దానికి మొదటి అట్ట. కుడి నుంచి ఎడమకు చదవాలి. నేను తిరగేసి మొదలుపెడితే ఆ పిల్ల ఒకటే నవ్వు.

ఆ కథ పేరు 'ఓ మై గాడెస్'. బొమ్మలు, కథ రెండూ కొసుకె ఫుజిషిమవే. 1988లో మొదలై 2014 దాకా జపాన్‌లో ఒక మాసపత్రికలో సాగింది. మొత్తం 48 పుస్తకాలు.

కెయిచి అనే కాలేజీ కుర్రాడు మగపిల్లల హాస్టల్లో ఉంటాడు. భోజనం తెప్పించుకుందామని ఫోన్ చేస్తే రాంగ్ నంబరు కలుస్తుంది. అది దేవతల ఆఫీసు! బెల్‌డాండీ అనే దేవత గదిలో ప్రత్యక్షమై ఒక్క వరం కోరుకోమంటుంది. ఎవరో ఆటపట్టిస్తున్నారనుకుని, నీలాంటి దేవత ఎప్పటికీ నాతోనే ఉండాలి అంటాడు. వరం ఫలిస్తుంది. ఆడవాళ్లకు ప్రవేశం లేని హాస్టల్ కదా, వెంటనే గెంటేస్తారు! క్యాంపు రూల్స్ తెలిసిన మనకు ఈ బాధ ఒకరు చెప్పాలా? ఇద్దరూ ఒక గుడిలో తలదాచుకుంటారు. మారా అనే రాక్షసి వాళ్లను విడదీయాలని చూస్తుంటుంది. బెల్‌డాండీ అక్క ఉర్డ్ సగం దేవత, సగం రాక్షసి. దేవతలకు తోడుగా రెక్కల ఏంజెల్స్ ఉంటారు.

దేవకన్య మనిషిని ప్రేమించడం మనకేమీ కొత్త కాదు. 1990లో వచ్చిన 'జగదేకవీరుడు అతిలోకసుందరి'లో శ్రీదేవి పోగొట్టుకున్న ఉంగరం చిరంజీవికి దొరుకుతుంది. అది లేనిదే ఆమె దేవలోకం వెళ్లలేదు. అంతకుముందు 1961లో వచ్చిన 'జగదేకవీరుని కథ'లో రాకుమారుడైన ఎన్టీఆర్ ఇంద్రుడి కూతురు జయంతి చీర తీసి దాస్తాడు. చీర చేతికందిన రోజు ఆమె దేవలోకానికి వెళ్లిపోతుంది. జపాన్‌లోనూ ఇలాంటి పాత కథే ఉంది. అక్కడ దాచేది ఈకల వస్త్రం.

చిన్నప్పుడు ఆ సీను చూసి ఈలలు వేశాం. ఇప్పుడు నాకు వేరే సంగతి గుర్తొస్తుంది.

ఇక్కడికి రాకముందు నేను గల్ఫ్‌లో ఒక కంపెనీ క్యాంపు ఆఫీసులో క్లర్కుని. కూలీల పాస్‌పోర్టులన్నీ ఇనుప బీరువాలో ఉండేవి. తాళంచెవి నా దగ్గర. ఒకరోజు మన నిజామాబాదు వైపు అన్న ఒకాయన వచ్చి, "తమ్మీ, అమ్మ పోయింది, పాస్‌పోర్టు ఇయ్యి" అన్నాడు. మేనేజరు సంతకం లేనిదే ఇవ్వకూడదు. మేనేజరు ఊళ్లో లేడు. సంతకం దొరికేసరికి మూడు రోజులు పట్టింది. అప్పటికి అక్కడ అంతా అయిపోయింది. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. పాస్‌పోర్టు తీసుకుని వెళ్లాడు, మళ్లీ రాలేదు. చీర దాచినవాడు రాకుమారుడైతే దానికి కాపలా కాసినవాణ్ని నేను.

న్యూజిలాండ్‌లో 2009 ఇమ్మిగ్రేషన్ చట్టం ప్రకారం, పని వదిలి వెళ్లకుండా ఆపాలని యజమాని పాస్‌పోర్టు ఉంచుకోవడం నేరం. గల్ఫ్ దేశాల్లో కూడా దీనికి వ్యతిరేకంగా నిబంధనలున్నాయి.

ఇక్కడి మావోరీల కథ కూడా ఒకటి ఉంది. టాంగోటాంగో అనే దేవకన్య టావ్‌హాకి అనే వీరుణ్ని ఇష్టపడి తానే దిగి వస్తుంది. ఎవరూ ఏమీ దాచలేదు. బిడ్డ పుట్టాక దాని దగ్గర వాసన వస్తోందని అతను ఒక్క మాట అంటాడు. ఆమె మనసు నొచ్చుకుని బిడ్డతో ఆకాశానికి వెళ్లిపోతుంది. తప్పు తెలుసుకుని అతను తీగ పట్టుకుని పైకి ఎక్కి వెళతాడు.

కెయిచి కూడా ఏమీ దాచలేదు. బెల్‌డాండీ మొదట ఇచ్చిన మాటకు కట్టుబడి ఉంది, మన కాంట్రాక్టు లాగా. అన్నేళ్లు అతని దగ్గర ఉన్నది మాత్రం అతను బాగా చూసుకున్నందుకే అని నాకనిపించింది. మనిషిని నిలబెట్టుకోవాలంటే మంచిగా చూసుకోవాలి గానీ బీరువాకు తాళం వేస్తే కాదు. ఇది ప్రేమకైనా అంతే, పనికైనా అంతే.

సోదరులారా, మీ పాస్‌పోర్టు ఎక్కడుందో ఈ వారం ఒకసారి చూసుకోండి. ఒక జిరాక్సు ఇంటికి పంపి ఉంచండి. బీరువా తాళంచెవి మీ చేతిలోనే ఉంటే, అడిగినవాడి మొహం చూసి మాట్లాడండి. నేను ఆ రోజు రిజిస్టరు చూస్తూ మాట్లాడాను.