రెండు పూటలా కసరత్తు: పాతబస్తీ తాలీం లెక్క

హైదరాబాద్ పాతబస్తీలో చాంద్రాయణగుట్ట దాటగానే బార్కస్ వస్తుంది. నిజాం సైన్యంలో కొలువు కోసం యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బులు బ్యారక్‌లలో ఉన్న చోటు అది. 1948 పోలీసు చర్య తర్వాత ఆ సైన్యం పోయింది, కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. చౌష్‌లు అని పిలిచే ఈ కుటుంబాల పేట మూడింటికి పేరుపడింది: జామతోటలు, హరీస్ అనే వంటకం, పహిల్వాన్లు. తోటలు ఇళ్ల స్థలాలయ్యాయి. హరీస్ తీపిదీ కారందీ రెండూ ఇప్పటికీ దొరుకుతుంది. పహిల్వాన్ల సంగతికొస్తే, కుస్తీ నేర్పే తాలీంఖానాల మట్టి తగ్గి జిమ్‌ల రబ్బరు నేల పెరిగింది గానీ, ఒళ్లు చేయాలన్న యావ మాత్రం తగ్గలేదు.

బార్కస్‌లోనే కాదు, శాలిబండలోనైనా సంతోష్‌నగర్‌లోనైనా జిమ్‌లో చేరిన కుర్రాడు నెల తిరక్కుండా కోచ్‌ను అడిగే ప్రశ్న ఒకటుంది. "భాయ్, పొద్దున బరువులెత్తి సాయంత్రం కార్డియో చేస్తే కట్టిన కండ కరిగిపోదా?" నాలుగు జిమ్‌లలో అడిగితే నాలుగు జవాబులొస్తాయి. ఒకరు కార్డియో పేరెత్తొద్దంటారు. ఇంకొకరు రెండు పూటలూ రెండూ చెయ్యమంటారు.

తాలీంలో అసలు ఈ ప్రశ్నే పుట్టలేదు. కుస్తీ పట్టేవాడికి బలమూ కావాలి, దమ్మూ కావాలి. ఎదుటివాణ్ని ఎత్తి పడేసే బలం ఉన్నా, ఐదో నిమిషానికి రొప్పుతుంటే పోటీ పోయినట్టే. అందుకే దేశమంతటా అఖాడాలనే కుస్తీ బడుల దినచర్య ఇంచుమించు ఒకేలా నడిచింది. బనారస్ అఖాడాలను దగ్గరుండి చూసిన మానవశాస్త్రవేత్త జోసెఫ్ ఆల్టర్ 1992లో వెలువడిన 'ది రెజ్లర్స్ బాడీ' పుస్తకంలో ఆ రోజు ఎలా గడుస్తుందో వివరంగా రాశారు. తెల్లవారకముందే లేవడం, పరుగు, ఆపైన గోదాలో జతలుగా కుస్తీ. తర్వాత తిండి, నిద్ర. సాయంత్రం మళ్లీ దండీలు, బస్కీలు. రెండు పూటల మధ్య ఉన్న ఆ తిండినీ నిద్రనూ పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. అసలు కథంతా అక్కడే ఉంది.

దండీ అంటే జిమ్‌లో తీసే పుషప్ కాదు. కాళ్లు ఎడంగా పెట్టి, నడుము పైకెత్తి, తలను రెండు చేతుల మధ్యకు దించుతారు. అక్కడి నుంచి మోచేతులు వంచి, ఛాతీ నేలకు తగిలీ తగలనట్టుగా ముందుకు జారి, వెన్ను వంచి తల పైకెత్తుతారు. మళ్లీ నడుము ఎత్తి వెనక్కి. మొదటి పది దండీలకు భుజాలూ ఛాతీ బిగుస్తాయి. నలభై దాటాక పని ఊపిరిమీద పడుతుంది. బస్కీ కూడా అంతే: మడమలు లేపి కూర్చుని లేవడం, చేతులు ఊపుతూ, ఎక్కడా ఆగకుండా. ఇక గోదాను పారతో తవ్వి, మట్టి తిరగేసి, అందులో నూనె, పసుపు, మజ్జిగ కలిపి చదును చేయడం శిష్యుల పని. ఆ పారపని ఒక్కటే అరగంట చేస్తే ఇప్పటి ట్రెడ్‌మిల్ ఎక్కాల్సిన అవసరం ఉండదు. బలం ఎక్కడ ముగిసి దమ్ము ఎక్కడ మొదలైందో చెప్పలేని కసరత్తు అది.

1910లో లండన్ వెళ్లి జాన్ బుల్ బెల్ట్ గెలిచిన గామా పహిల్వాన్ రోజుకు మూడు వేల దండీలు, ఐదు వేల బస్కీలు తీసేవాడని చెబుతారు. పక్కన కూర్చుని లెక్కపెట్టిందెవరో తెలియదు గానీ, ఆ అంకెలు విని మోకాళ్లు పోగొట్టుకున్న కుర్రాళ్లు ప్రతి తరంలోనూ ఉండే ఉంటారు. గామాకు అదే ఉద్యోగం. పోషించడానికి సంస్థానాధీశులుండేవారు. పాలు, నెయ్యి, బాదం ఎవరో ఒకరు సమకూర్చేవారు.

కార్డియో కండను తినేస్తుందన్న భయానికి శాస్త్రీయమైన మూలం 1980 నాటిది. రాబర్ట్ హిక్సన్ అనే అమెరికన్ పరిశోధకుడికి బరువులెత్తే అలవాటు. పరుగంటే ప్రాణం పెట్టే తన ప్రొఫెసర్‌తో కలిసి పరిగెత్తడం మొదలుపెట్టాక కండ తగ్గుతున్నట్టు గమనించాడు. ఊరికే వదిలేయకుండా పరీక్ష పెట్టాడు. ఒక బృందం వారానికి ఐదు రోజులు బరువులు ఎత్తింది. రెండో బృందం ఆరు రోజులు సైకిలూ పరుగూ. మూడో బృందం ఈ రెండూ చేసింది. పది వారాల పరీక్షలో మొదటి ఏడు వారాలూ మూడో బృందం బలం బాగానే పెరిగింది. ఆ తర్వాత ఆగింది, చివరి రెండు వారాల్లో తగ్గింది కూడా. దమ్ముకు మాత్రం ఏ లోటూ రాలేదు.

జిమ్‌లలో ఈ కథలో సగమే ప్రచారమైంది. మూడో బృందం వారానికి పదకొండు సార్లు కసరత్తు చేసింది, అందులో ఆరు శక్తికొద్దీ తొక్కినవీ ఉరికినవీ. అరగంట నడకతోనో నింపాదిగా తొక్కే సైకిల్‌తోనో దాన్ని పోల్చడం పొరపాటు.

ఒంట్లో జరిగేదేమిటి? బరువులెత్తినప్పుడు కండరంలో ఎంటార్ అనే వ్యవస్థ మేలుకుంటుంది. మేస్త్రీలా కొత్త ప్రోటీన్ కట్టుబడి దాని బాధ్యత. ఎక్కువసేపు పరిగెత్తి ఒంట్లో శక్తి అడుగంటినప్పుడు ఏఎంపీకే అనే మరో వ్యవస్థ మేలుకుంటుంది. ఇది డబ్బు అయిపోవస్తుంటే మేస్త్రీ పని ఆపించే ఇంటిపెద్ద లాంటిది. ఇద్దరూ ఒకే గంటలో ఎదురుపడితే మేస్త్రీ మాట చెల్లకపోవచ్చు. ఇంటిపెద్ద కోపం కొన్ని గంటల్లో చల్లారుతుంది, కడుపులో తిండి పడితే ఇంకాస్త త్వరగా.

ఇటీవలి పరిశోధన హిక్సన్ భయాన్ని చాలావరకు తగ్గించింది. అంతకుముందు జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2022లో షూమాన్ బృందం చేసిన విశ్లేషణలో, రెండూ కలిపి చేసినా కండ పరిమాణానికీ గరిష్ఠ బలానికీ నష్టం కనిపించలేదు. దెబ్బతినేది మెరుపు బలం: ఎగిరే దూకే శక్తి, ఒక్క ఉదుటున లేచే శక్తి. అది కూడా రెండూ ఒకేసారి చేసినప్పుడే ఎక్కువ. కనీసం మూడు గంటల ఎడం ఇస్తే ఆ తేడా దాదాపు పోతుంది. కబడ్డీ, ఫుట్‌బాల్ ఆడేవాళ్లకు ఇది పట్టించుకోవాల్సిన విషయం. కోచ్ రహీం సాబ్ శిక్షణలో 1962 జకార్తా ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిన భారత ఫుట్‌బాల్ జట్టుకు ఆటగాళ్లను ఇచ్చిన ఊరు కదా ఇది.

అయితే రెండు పూటలు చేయడం వల్ల ప్రత్యేకంగా ఒరిగేదేమైనా ఉందా? ఫిన్లాండ్‌లో హాక్కినెన్, కాలినెన్ అనే పరిశోధకులు 1994లో క్రీడాకారిణుల మీద చేసిన అధ్యయనం దీనికి మంచి జవాబు. ఒకే మోతాదు బరువుల పనిని ఒక్కపూటలో చేయించారు, తర్వాత అదే పనిని రెండు పూటలకు పంచారు. పంచినప్పుడే బలం ఎక్కువ పెరిగింది. పని పెరగలేదు, పంచారంతే. మన కుర్రాళ్లు చేసేది దీనికి పూర్తిగా తలకిందులు: పొద్దున పూర్తి మోతాదు, సాయంత్రం ఇంకో పూర్తి మోతాదు.

పాతబస్తీలో దీనికి ఇంకో చిక్కుంది. ఈ ఊరు రాత్రి మేలుకుంటుంది. పత్తర్‌గట్టీలోనో లాడ్‌బజార్‌లోనో దుకాణంలో పనిచేసే కుర్రాడు షట్టర్ దించి ఇంటికొచ్చి భోంచేసేసరికి పదకొండు. దోస్తులతో చాయ్ అయ్యేసరికి ఒంటిగంట. ఆరింటికి లేచి స్క్వాట్లు తీయడం గొప్ప పట్టుదలే, కానీ ఐదు గంటల నిద్రతో కండ కట్టుబడి జరగదు. గచ్చిబౌలిలో గోపీచంద్ అకాడమీ ఆటగాళ్లు తెల్లవారుజామునే కోర్టులో దిగుతారు. వాళ్ల బతుకంతా ఆటచుట్టూ అల్లుకున్నది, మధ్యాహ్నం విశ్రాంతి అందులో భాగం. దుకాణంలో ఎనిమిది గంటలు నిలబడేవాడికి ఆ వీలెక్కడిది? మన వీధుల్లో కరువు పట్టుదలకు కాదు, నిద్రకే.

తిండి విషయంలో ఊళ్లోనే పెద్ద దిక్కుంది. 1958లో కూనూరు నుంచి హైదరాబాద్‌కు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ మామూలు పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ సరిపోతుందని చెబుతుంది. 70 కిలోల మనిషికి సుమారు 58 గ్రాములు. నిజంగా రెండు పూటలా కష్టపడేవాళ్లకు అంతకంటే ఎక్కువే కావాలి. క్రీడా పోషణ నిపుణులు కిలోకు 1.2 నుంచి 2 గ్రాముల దాకా సూచిస్తారు. కండకోసం ప్రోటీన్ పొడులు వాడొద్దని అదే సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. గోధుమా మాంసమూ కలిసి మెత్తగా ఉడికిన హరీస్ గిన్నెడు, ఉదయపు బరువుల తర్వాత ఏ డబ్బాలోని పొడికీ తీసిపోదు. పైన పోసే నెయ్యి దగ్గర చెయ్యి బిగబట్టాలి, అంతే.

రంజాన్ నెలలో లెక్క మారుతుంది. తరావీహ్ నమాజు తర్వాత రాత్రి పొద్దుపోయేదాకా జిమ్‌లు కిటకిటలాడతాయి. ఆ నెలలో రెండు పూటల ఆలోచన మానుకుని, బరువులు రాత్రికి ఉంచుకుని, ఇఫ్తార్‌కు ముందు తేలికపాటి నడకతో సరిపెట్టడం తెలివైన పని. నీళ్లు తాగే వీలు లేనప్పుడు ఒంట్లోంచి చెమట పిండటం వద్దు.

ఆడవాళ్లకు రెండు పూటల సమస్య కంటే ఒక్కపూట దొరకడమే పెద్ద సమస్య. 2022లో రాజేంద్రనగర్ వాదీ-ఎ-మహమూద్‌లోని మస్జిద్-ఎ-ముస్తఫాలో, హెల్పింగ్ హ్యాండ్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ సాయంతో, మహిళల కోసమే జిమ్ తెరిచారు. మసీదు ఆవరణలో ట్రెడ్‌మిల్ పెట్టడం చాలామందికి వింతగా తోచింది. షుగరూ బీపీ ఇంటింటా ఉన్న పేటల్లో ఇంతకంటే సూటి వైద్యం మరొకటి కనబడదు.

మరి మొదలుపెట్టాలనుకునే మామూలు మనిషి ఏం చేయాలి? వారంలో రెండు రోజులు చాలు. ఆ రోజుల్లో ఉదయం నలభై నిమిషాలు బరువులు, కనీసం ఆరు గంటల ఎడం తర్వాత సాయంత్రం అరగంట సైకిల్ గానీ వేగంగా నడక గానీ. మీర్ ఆలం చెరువు పక్క నడిచినా సరే. పరుగుకంటే సైకిల్ మేలు, ఉదయం స్క్వాట్లతో అలిసిన కాళ్లకు నేలదెబ్బ తగలదు. దమ్ము పెంచుకోవడమే ముఖ్యమనుకుంటే పరుగును ఉదయానికి మార్చి, బరువులు సాయంత్రం పెట్టుకోవాలి. ఏది ముఖ్యమో దానికి తాజా ఒళ్లు ఇవ్వాలి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఆరు దాటకుండా బయట కసరత్తు వద్దు. ఛాతీలో బిగుతు, కళ్లు తిరగడం ఉంటే ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. శక్తికి మించి చేశాక మూత్రం ముదురు గోధుమరంగులో వస్తే అది కండరాలు చితికి కిడ్నీలమీద భారం పడుతోందనడానికి గుర్తు, ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి.

రాత్రి ఒంటిగంటకు పడుకునేవాళ్లు మాత్రం రెండో పూట జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. ముందు నెల రోజులు పదకొండున్నరకల్లా పడుకుని చూడండి. ఒక్కపూట కసరత్తుతోనే బార్‌కు ఇంకో ప్లేటు ఎక్కుతుంది.