తినని కుందేలును కుక్క ఎందుకు చంపింది?

తెనాలి నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరంలో ఒక్క ముక్క నన్ను పట్టేసింది: "చంపింది గానీ, తినలేదండీ." వాళ్ల లాబ్రడార్, రెండు కుందేళ్లు రెండేళ్లుగా ఒకే వసారాలో పడుకునేవట. కుక్క వాటి చెవులు కూడా నాకేదట. ఒక సాయంత్రం ఏదో చప్పుడుకు బెదిరి ఒక కుందేలు పెరట్లోకి ఉరికింది. కుక్క వెనకాలే వెళ్లి, నడుం దగ్గర పట్టి రెండుసార్లు విదిలించింది. తర్వాత ముక్కుతో కదిపి చూసి, కదలకపోయేసరికి తోకాడించుకుంటూ తిరిగొచ్చింది. అప్పటికే కడుపునిండా పెరుగన్నం తిని ఉంది. కోపమా, అసూయా, లేక పిచ్చి పట్టిందా అని ఆవిడ అడిగారు.

మూడూ కావు. కుక్క తోడేలు సంతతి, కుందేలు దాని ఆహారం. ఇంతవరకు అందరికీ తెలిసిందే కాబట్టి ఇక్కడ ఆగను. వేట అంటే ఒకే పని అనుకోవడంలోనే చిక్కంతా ఉంది.

అమెరికాలో హాంప్‌షైర్ కాలేజీలో పనిచేసిన జీవశాస్త్రవేత్త రేమండ్ కాపింజర్, భార్య లోర్నాతో కలిసి 2001లో 'డాగ్స్' అనే పుస్తకం తెచ్చాడు. అందులో వేటను విడగొట్టి చూపించాడు: గమనించడం, చూపు నిలపడం, పొంచడం, తరమడం, పట్టడం, చంపడం, చీల్చడం, తినడం. దీన్ని తెనాలి–రేపల్లె పాసింజర్ అనుకోండి. తోడేలు తెనాలిలో ఎక్కితే రేపల్లెలోనే దిగుతుంది. అక్కడితో పట్టాలు అయిపోతాయి, అదే తిండి. గొర్రెలు తోలే బోర్డర్ కోలీ చూసి, పొంచి, తరిమి వేమూరులోనే దిగిపోవాలి. లాబ్రడార్ భట్టిప్రోలు దాకా వెళ్లొచ్చు. అంటే వేటగాడు కొట్టిన పిట్టను నోట కరుచుకోవాలి గానీ పన్ను దిగకూడదు. మనుషులు తరతరాలుగా ఏరి ఏరి పెంచింది దీనికోసమే. టెర్రియర్‌ను మాత్రం ఎలుకను పట్టి, విదిలించి చంపడానికే పెంచారు. ఆ విదిలింపుకు చిన్న జంతువు మెడో వెన్నో విరుగుతుంది. మీ కుక్క తువ్వాలును నోట పట్టుకుని అటూ ఇటూ ఊపుతుంటే మీరు నవ్వుతూ చూసేది కూడా అదే.

అసలు సంగతి ఏమిటంటే, ఈ బండి ఎవరైనా మధ్యలో ఎక్కొచ్చు, మధ్యలో దిగొచ్చు. ఆకలి లేకుండా తరమొచ్చు, తరిమింది కాబట్టి పట్టొచ్చు, పట్టింది తినకుండా వదిలేయొచ్చు. ఫలానా స్టేషన్లో దిగడం జాతి మొత్తానికి సగటు లక్షణమే. మీ ఇంట్లో కుక్క కూడా అక్కడే దిగుతుందని గ్యారంటీ లేదు.

ఇది ఉబుసుపోక అల్లిన వర్గీకరణ కాదు, మెదడులో దీనికి ఆధారం ఉంది. 1962లో యేల్ విశ్వవిద్యాలయంలో జాన్ ఫ్లిన్ బృందం పిల్లుల మెదడులోని హైపోథాలమస్‌కు సన్న తీగలతో కరెంటు ఇచ్చింది. ఒకచోట తాకితే పిల్లి వెంట్రుకలు నిక్కబొడుచుకుని బుస కొట్టింది. కొంచెం పక్కన తాకితే ఏ చప్పుడూ లేకుండా నడిచి వెళ్లి ఎలుకను కొరికింది. కోపం దారి వేరు, వేట దారి వేరు అన్నమాట.

2017లో అదే యేల్‌లో ఇవాన్ డి అరౌజో బృందం ఎలుకల మీద చేసిన ప్రయోగం ఇంకా అద్భుతం. మెదడులో అమిగ్డాలా అనే భాగంలోని కొన్ని కణాలను లేజర్ కాంతితో మేల్కొలిపితే, ఆ ఎలుకలు కీచురాళ్లనే కాదు, పుల్లల్నీ సీసా మూతల్నీ కూడా పట్టి కొరికాయి. పక్కనున్న తోటి ఎలుకల జోలికి మాత్రం పోలేదు. తరమడానికి ఒక నరాల దారి, దవడ బిగించడానికి ఇంకో దారి ఉన్నాయని తేలింది. కొరికే దారిని దెబ్బతీస్తే ఎలుక తరుముతుంది గానీ చంపలేదు. ఎలుక మెదడు కుక్క మెదడు కాదు, నిజమే. అయినా కాపింజర్ కళ్లతో చూసి విడగొట్టినదాన్ని ఇక్కడ నరాలే విడగొట్టి చూపించాయి.

ఈ వ్యవహారంలో పెద్దపెద్దవాళ్లే బోల్తా పడ్డారు. 1930లో చైనా మనస్తత్వవేత్త జింగ్-యాంగ్ కువో సహజాతమనేదే లేదని నిరూపించడానికి పిల్లికూనల్ని మూడు రకాలుగా పెంచాడు. ఎలుకల్ని చంపే తల్లి దగ్గర పెరిగిన 21 కూనల్లో 18 ఎలుకల్ని చంపాయి. ఒంటరిగా పెరిగిన 20లో 9 చంపాయి. ఎలుకతో కలిసి పెరిగిన 18లో 3 మాత్రమే చంపాయి. చూశారా, అంతా పెంపకమే అన్నాడు కువో. మరి ఒంటరిగా పెరిగిన ఆ తొమ్మిదింటికి ఎవరు నేర్పారు? పైగా కలిసి పెరిగిన వాటిలో చంపిన మూడూ తమతో పెరిగిన రకాన్ని వదిలేసి, కొత్త రకం ఎలుకల మీద పడ్డాయి. స్నేహం ఆ ఒక్క రకంతోనే, ఎలుక జాతి మొత్తంతో కాదు.

అటు కొసన కొన్రాడ్ లోరెంజ్ ఉన్నాడు. 1973లో నోబెల్ అందుకున్న మహానుభావుడు. సహజాతం లోపల ఒత్తిడిలా పేరుకుంటుందని, ఎక్కడో ఒకచోట వెళ్లగక్కక తప్పదని చెప్పాడు. "పొద్దున్నే బంతితో పరుగెత్తించేశాం, ఇక కుందేలు జోలికి పోదు" అనేవాళ్లు తెలియకుండానే ఆయన శిష్యులు. పాపం, బంతిని తరిమితే తరమాలన్న కోరిక ఖాళీ అవదు. తరమడంలోనే కుక్కకు ఆనందం ఉంది కాబట్టి అది ఇంకా రుచి మరుగుతుంది.

వేట ముక్కలుముక్కలుగా ఉంటుందనడానికి మన దగ్గరే ఇంతకంటే మంచి సాక్షి ఉంది. కొల్లేరు చుట్టుపక్కల పెరిగిన జోనంగి కుక్క పొట్టి బొచ్చుతో, ముడతల నుదురుతో ఉంటుంది. దాన్ని బాతుల మందలు తోలడానికి వాడారు, చిన్న చిన్న జంతువుల వేటకూ వాడారు. ఒకే కుక్క బాతు దగ్గర తరమడంతో ఆగి, వేటలో చివరిదాకా పోతుంది. బాతుల పెంపకం పోయి చేపల చెరువులు వచ్చాక జోనంగులూ తగ్గిపోయాయి. ఇంత చక్కటి ప్రయోగశాల మన ముంగిట్లో ఉండగా మనం లాబ్రడార్ల వెంట పడుతున్నాం.

మరి రెండేళ్లు ఊరుకున్న తెనాలి కుక్క ఆ సాయంత్రమే ఈ బండి ఎందుకు ఎక్కింది? కదలిక. 1936లో 14 పోలీసు కుక్కల్ని పరీక్షిస్తే, వాటిలో చురుకైనవి కదిలే వస్తువును దాదాపు 900 మీటర్ల దూరం నుంచి గుర్తుపట్టాయి. అదే వస్తువు కదలకుండా ఉంటే 600 మీటర్ల లోపుకు వస్తేగానీ గుర్తుపట్టలేదు. వసారాలో కూర్చున్న కుందేలు దాని నేస్తం. పెరట్లో ఉరికే కుందేలు ఉట్టి ఉరుకు, అంతే.

బాపట్ల నుంచి ఇంకొకరు వీడియో పంపారు: కుక్క లవ్‌బర్డ్స్ పంజరం ముందు అరగంట కదలకుండా కూర్చుందట, ఎంత ప్రేమో చూడండి అని. మెడ చాచి, కన్నార్పకుండా, ఒక కాలు సగం లేపి ఉంది. అది ప్రేమ కాదండీ, రెండో స్టేషన్.

ఏం చేయాలంటారా? ఈ భాగం రాయడానికి నాకు పెద్ద ఉత్సాహం లేదు, ఎందుకంటే సమాధానం చప్పగా ఉంటుంది: గదులు వేరు చేయండి, మీరు ఎదురుగా ఉన్నా కుక్కకు పట్టీ తీయకండి. ఆటగా వేసిన పంజా కూడా కుందేలుకు ఎక్కువే. దాని ఎముకలన్నీ కలిపినా ఒంటి బరువులో 8 శాతం లోపే, బెదిరి గట్టిగా తన్నుకుంటే సొంత వెన్నే విరుగుతుంది. కాటు పడితే గాయం చిన్నదైనా పశువైద్యుడికి చూపించండి. లోపలి దెబ్బ బొచ్చు కింద కనపడదు. గినీ పిగ్ ఉన్న ఇంట్లో పన్నుతో పనే లేదు. కుక్కకు మామూలు దగ్గు తెచ్చే బోర్డెటెల్లా బాక్టీరియా గినీ పిగ్‌కు ప్రాణాంతకమైన న్యుమోనియా తెస్తుంది. రామచిలుకనూ నక్షత్ర తాబేలునూ కుక్క నుంచి ఎలా కాపాడాలని దయచేసి నన్ను అడగకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని ఇంట్లో పెట్టుకోవడమే నేరం. పంజరానికి జాలీ కొనేటప్పుడు మాత్రం సన్న కళ్లది అడిగి తీసుకోండి. కళ్లు పెద్దవైతే గినీ పిగ్ కాలు బయటికొస్తుంది, పట్టుకోవడానికి కుక్కకు అంత చాలు.