మంచం పక్కన మనిషికి కొలత ఏది?

నెల్లూరు జిల్లా ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ఊళ్లలో చదువుకున్న పిల్లలు చాలామంది బెంగళూరుకో హైదరాబాదుకో వెళ్లిపోయారు. ఇంటి దగ్గర మిగిలిన అమ్మకో నాన్నకో పక్షవాతం వచ్చి మంచం పడితే, చూసుకునే మనిషి కోసం వెతుకులాట మొదలవుతుంది. తెలిసినవాళ్లు చెప్పిన ఆయమ్మనో, ఏజెన్సీ పంపిన అమ్మాయినో పెట్టుకుంటారు. జీతమెంత, తిండి ఎక్కడ అనే మాటలు జరుగుతాయి. ఆమె ఏం నేర్చుకుంది, ఏ పని ఆమె చేయకూడదు అన్నది మాత్రం ఎవరూ అడగరు.

అడగాల్సింది అదే. ఉదయగిరి నుంచి పెద్దాస్పత్రులున్న నెల్లూరు దాదాపు 100 కిలోమీటర్లు. ఇంట్లో జరిగిన పొరపాటును దిద్దుకోవడానికి ఆ దూరంలో టైం ఉండకపోవచ్చు.

ఇన్సులిన్ సంగతే చూడండి. మన దగ్గర సీసాల్లో ఎక్కువగా దొరికేది మిల్లీలీటరుకు 40 యూనిట్లది. 100 యూనిట్లదీ ఉంది. మొదటిదానికి ఎర్ర మూత సిరంజి, రెండోదానికి నారింజ రంగు మూత సిరంజి. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజితో 20వ గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 20 యూనిట్లు కాదు, 50. షుగర్ ఒక్కసారిగా పడిపోయి మనిషి స్పృహ తప్పుతాడు. సీసా మీద అంకె, సిరంజి మూత రంగు కలిశాయా అని చూడటానికి నిమిషం కూడా పట్టదు. కానీ చూడాలని ఎవరో ఒకరు నేర్పాలి.

ముక్కు గొట్టంతో పాలు, జావ పోసేటప్పుడు తల వైపు ఎత్తుగా ఉండాలి, పోశాక కనీసం అరగంట అలాగే ఉంచాలి. లేకపోతే పోసింది ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా వస్తుంది. కదల్లేనివాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేదంటే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. మూత్రం సంచి ఎప్పుడూ నడుముకన్నా కిందే వేలాడాలి, నేలకు మాత్రం తగలకూడదు. నీరసంగా ఉందని ఇంటికొచ్చి సెలైన్ ఎక్కించే అలవాటు పల్లెల్లో ఇంకా ఉంది. గుండె, కిడ్నీ జబ్బున్న పెద్దలకు అది ప్రాణం మీదికి తెస్తుంది. డాక్టరు చీటీ లేకుండా సెలైన్ పెట్టనివ్వకూడదు.

మరి చట్టం? తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. ఇంటికొచ్చి సేవలందించే సంస్థలు రిజిస్టర్ కావాలని, శిక్షణ పొందినవారినే పంపాలని, కనీస ప్రమాణాలు ఉండాలని 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు. అది చట్టం కాకుండానే 2024లో సభ రద్దయింది, దాంతో బిల్లూ మురిగిపోయింది. ఇది చాలా పెద్ద లోటు. ఆస్పత్రికి రిజిస్ట్రేషన్ అడిగే ప్రభుత్వం, అదే రోగి ఇంటికి చేరాక చూసుకునే ఏజెన్సీని గట్టిగా ప్రశ్నించకపోవడం న్యాయం కాదు.

డబ్బు వైపు, వైద్యం వైపు కొంత కదలిక ఉంది. పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను అందుతోంది. 2023లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ పథకం, డాక్టరు ఊరికొచ్చినప్పుడు మంచం పట్టినవారిని ఇంట్లోనే చూడాలని చెప్పింది. ఇంకా కావాల్సింది నేర్పే మనిషి. కేరళలో 1993లో కోళికోడ్‌లో మొదలైన పాలియేటివ్ (నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే) సేవ, 2008 నాటి ప్రభుత్వ విధానంతో పంచాయతీల దాకా వెళ్లింది. అక్కడ ఇంటికొచ్చే నర్సు కట్టు మార్చడంతో పాటు ఆ కట్టు ఎలా మార్చాలో ఇంటివాళ్లకు చూపిస్తుంది. ఏఎన్‌ఎం, ఆశా గడప గడపకూ తిరిగే మన ఊళ్లలో అది చేయలేని పని కాదు.

ఈలోగా కుటుంబం చేయగలిగింది ఉంది. చూసుకునే మనిషి పనిలో చేరిన రోజే ఒక నోటుబుక్ తెరవాలి. ఏ మందు ఎన్ని గంటలకు ఇచ్చారో, ఎప్పుడు పక్కకు తిప్పారో, మూత్రం ఎంత వచ్చిందో అందులో రాయించాలి. బెంగళూరులో ఉన్న కొడుకు ఫోన్లో ఆ పేజీ ఫొటో అడగొచ్చు. చూసుకునే మనిషికి రాత్రి నిద్ర, వారానికో సెలవు కూడా లెక్కలో ఉండాలి. పగలూ రాత్రీ ఒక్కరే కాపలా కాస్తే తెల్లవారుజామున మందు తప్పుతుంది. బరువైన రోగిని ఒక్కరే ఎత్తితే ఆమె నడుము పోతుంది, రోగి కిందపడతాడు. కింద దుప్పటి పరిచి ఇద్దరు చెరోవైపు పట్టి జరపాలి. ఇంట్లో రెండో మనిషి లేకపోతే, ఆ టైంకి పక్కింటివాళ్లను పిలవడానికి ముందే మాట్లాడుకోవాలి. చూసుకునేవాళ్లే కొడుతున్నా, కడుపుకు పెట్టకపోయినా వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయొచ్చు. ఆ నంబరును మంచం పక్క గోడ మీద, పెద్దవాళ్లకు కనిపించేంత పెద్ద అంకెలతో రాసిపెట్టాలి.