రైలుసంస్థ లారీలను గూడ నడుపవలయునా?

శ్రీకాకుళము పట్టణమునకు రైలు లేదు. శ్రీకాకుళము రోడ్డు అను స్టేషను ఆమదాలవలసలో నున్నది. పట్టణమునుండి అచ్చటికి సరకు చేరవలెనన్న లారీయో బండియో కావలసినదే. పట్టణము సంగతియే యిట్లుండగా, కొండదాపున నున్న మామిడితోట సంగతి చెప్పనేల?

విజయనగరము స్టేషనునుండి మామిడిపండ్లు ఢిల్లీకి రైలుమీద పోవుట మన మెఱిగినదే. దూరపు ప్రయాణమునకు సాధారణముగా లారీకంటె రైలు చౌక. అయినను పెక్కురు రైతులు లారీనే పిలుచుచున్నారు. కారణమేమి? లారీ తోటకే వచ్చును. బుట్టలను తోటలో నొకమారు ఎక్కించి, మండీలో నొకమారు దింపుదురు. రైలున పంపినచో తోటలో లారీ కెక్కించుట, స్టేషనులో దింపుట, రైలుపెట్టె కెక్కించుట, ఢిల్లీలో దింపుట, మరల లారీ కెక్కించుట, మండీలో దింపుట, ఇట్లు ఆరుమార్లు బుట్టమీద చేయిపడును. ప్రతిమారును కూలి యియ్యవలెను. ప్రతిమారును కాయ నలుగును. తప్పెవరిదని యడిగినచో లారీవారు రైలును, రైలువారు లారీని చూపుదురు. నష్టము మాత్రము రైతుదే.

రైలుసంస్థయే లారీలను గొని రెండు కొనలను నడిపినచో నీ చిక్కు తీరునని కొందరందురు. ఇది క్రొత్తమాట కాదు. నిజాము రాష్ట్ర రైల్వే 1932 జూనులో 27 బస్సులతో, 166 మంది పనివారితో రోడ్డురవాణా ప్రారంభించెను. ఆ శాఖ 1951లో రైల్వేనుండి వేఱై ప్రభుత్వశాఖయయ్యెను. 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డురవాణా సంస్థగా రూపొందెను. అమెరికాలో యూనియన్ పసిఫిక్ రైలుకంపెనీ 1986లో ఓవర్‌నైట్ అను లారీకంపెనీని గొని, 2003లో వదలుకొనెను.

కారణము కష్టమైనది కాదు. రైలు నిండుబండిమీదను నియమితవేళమీదను బ్రతుకును. లారీ చిన్నసరకుమీదను తిరుగుసరకుమీదను బ్రతుకును. మామిడికాలము దాటిన పిమ్మట ఖాళీగా నిలిచిన లారీల ఖర్చు తుదకు మన కిరాయిమీదనే పడును. మఱియు రైలును లారీయు నొకరివే యైనచో, కిరాయి హెచ్చించినపుడు మన మెవరియొద్దకు పోగలము?

కావున లారీ యెవరి సొంతమనునది ముఖ్యము కాదని మా యభిప్రాయము. తోటనుండి మండీవఱకు ఒకే రసీదు, ఒకే బాధ్యత యుండవలెను. సరకును తోటలోనే పెద్ద యినుపపెట్టెలో నుంచి తాళము వేసి, ఆ పెట్టెనే లారీనుండి రైలునకు యంత్రముతో మార్చినచో, ఆరుమార్లు రెండగును. ఇట్టి రవాణాకై రైల్వేశాఖ క్రింద 1988లో కంటెయినరు కార్పొరేషను స్థాపింపబడినది. మామిడికి చల్లని పెట్టెగాని గాలియాడు పెట్టెగాని కావలెను.

అయితే ఒక్క రైతు పెట్టెను నింపలేడు, ఊరు నింపగలదు. కాయ కోతకు రాకముందే, ఎవరి తోటనుండి యెన్ని బుట్టలు వచ్చునో సంఘము పట్టిక వ్రాసికొని, లారీలను మొత్తముగా కుదుర్చుకొని, ఆ పట్టికతోనే రైలువారియొద్దకు పోవలెను. విడివిడిగా పోయిన పదిమంది మాటకంటె, నిండుపెట్టె చేతబట్టిన సంఘము మాటకు విలువ హెచ్చు.